దుప్పటి కింది మాటలు

ఈశ్వరి కొత్తగూడెంలో పెరిగింది. తండ్రి ముత్తయ్య అడవి వదిలి బొగ్గు లారీల మీద కూలికి వచ్చి, రైలు పట్టాల అవతల ఒక రేకుల గది కిరాయికి తీసుకున్నాడు. కోయవాళ్లమని తెలిస్తే గది ఖాళీ చేయమంటారేమోనన్న భయంతో ఆయన భార్యతో సైతం తెలుగే మాట్లాడేవాడు. ఆ భయంలో పెరిగిన పిల్ల కాబట్టి ఈశ్వరికి కోయ భాషలో ఒక్క మాట రాదు. ఇంటర్ పాసై, బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణంలో కొన్నాళ్లు పనిచేసింది. ఆ తర్వాత ముత్తయ్య ఆమెను తీసుకెళ్లి తన సొంత అక్క జోగమ్మ కొడుక్కిచ్చి పెళ్లి చేశాడు.

జోగమ్మది మద్దిగుంపు. ములకలపల్లి దాటాక జామాయిల్ తోటలు అయిపోయి అసలు అడవి మొదలయ్యేచోట ఉన్న చిన్న గూడెం. అక్కడ ముసలివాళ్లు కోయ మాట్లాడతారు, నడివయసువాళ్లు అది విని తెలుగులో జవాబిస్తారు, పిల్లలకు సినిమా పాటలు వచ్చు. జోగమ్మకు ఈ సంగతి మీద ఎప్పుడూ కోపమే. అందరికన్నా ఎక్కువ కోపం తమ్ముడి మీద. అడవిని వదిలాడు, భాషను వదిలాడు, చివరికి పిల్లకు కూడా మాట నేర్పకుండా తెచ్చి తన గుమ్మంలో నిలబెట్టాడు.

కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టిన రోజున జోగమ్మ కోయలో ఏదో అడిగింది. ఈశ్వరి తెల్లముఖం వేసింది. జోగమ్మ మళ్లీ అడిగింది. ఈశ్వరి భర్త వైపు చూసింది. అప్పుడు జోగమ్మ అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ల వైపు తిరిగి, నోట్లోంచి చుట్ట తీసి, ఒక మాట అంది. అందరూ ఒక్కసారిగా నవ్వారు.

"ఏమన్నది?" అని ఈశ్వరి తర్వాత భర్తను అడిగింది.

"ఏం లేదు. పిల్ల మంచిగున్నదంటున్నరు" అన్నాడు కన్నారావు.

కన్నారావు చెడ్డవాడు కాదు. పామాయిల్ గెలలు ట్రాక్టర్‌లో వేసుకుని అశ్వారావుపేట ఫ్యాక్టరీకి తోలేవాడు. సీజన్లో వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. తల్లి మాటకు అడ్డు చెప్పేవాడు కాదు, పెళ్లాం మాటకూ అడ్డు చెప్పేవాడు కాదు. తిని పడుకునేవాడు.

ఈశ్వరి భాష నేర్చుకున్నది ఆ నవ్వుల నుంచే. ఏ మాట దగ్గర ఆడవాళ్లు తన చేతుల వైపు చూస్తారో, ఏ మాట దగ్గర తను వండిన కూర వైపు, ఏ మాట దగ్గర తన కడుపు వైపు చూస్తారో గమనించింది. ఒక మాటను పట్టుకుని రెండో మాటను ఊహించుకుంది. రెండో వానాకాలానికి అత్త మాట్లాడేదంతా తేటగా అర్థం కాసాగింది. అయినా ఎవరికీ చెప్పలేదు. అర్థం కానట్టుంటే తల వంచుకుని పని చేసుకోవచ్చు. అర్థమైందని తెలిస్తే ఏదో ఒకటి అనాలి. ఆ భాషలో ఆమె ఎన్నడూ నోరు తెరవలేదు.

రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి దవాఖానా నుంచి వచ్చి మంచంలో పడుకుని ఉంటే, తడిక అవతల జోగమ్మ పక్కింటామెతో, "మా తమ్ముడు నాకు పుచ్చు విత్తనం అంటగట్టిండు" అంది కోయలో. ఈశ్వరి అటు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఆమెకు కడుపు రాలేదు. గొడ్రాలు అనడానికి కోయలో ఎన్ని మాటలున్నాయో అన్నీ ఆమె విన్నది.

అలా పదేళ్లు దాటాక ఖమ్మం నుంచి మనోజ్ఞ వచ్చింది. ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం. అడవి భాషలు ముసలివాళ్లతోనే పోతున్నాయని, వాటిని సెల్‌ఫోన్లో దాచే యాప్ ఒకటి తయారుచేస్తున్నామని గూడెంలో మీటింగు పెట్టి చెప్పింది. బొమ్మ మీద వేలు పెడితే కోయ మాట వినిపిస్తుంది, ఆ మాటతో ఒక వాక్యం వినిపిస్తుంది, కింద తెలుగు అర్థం కనిపిస్తుంది. పిల్లలు ఆడుకుంటూనే నేర్చుకోవచ్చు. అందుకు ఫోను బాగా తెలిసిన మనిషి ఒకరు, భాష బాగా వచ్చిన మనిషి ఒకరు కావాలి. మొదటి మనిషి ఈశ్వరి, రెండో మనిషి జోగమ్మ అని గూడెమంతా ఒకే మాట చెప్పింది.

"మీ అత్తగారి గొంతు భలే ఉందండీ, గంట కొట్టినట్టు. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉండటం మా అదృష్టం" అంది మనోజ్ఞ.

"నాకు కోయ రాదు మేడం."

"ఫర్వాలేదు. అర్థం ఆవిడే తెలుగులో చెబుతారు. మీరు టైపు చేస్తే చాలు."

ఇల్లు రేకులది. వాన పడితే చప్పుడు, కోళ్లు అరిస్తే చప్పుడు, పక్కింటి టీవీ ఒకటి. బయటి శబ్దం పడిన రికార్డును ఖమ్మం నుంచి తిప్పి పంపేవారు. తల మీద మందపాటి దుప్పటి కప్పుకుని ఫోను దగ్గరగా పెట్టుకోమని మనోజ్ఞే ఉపాయం చెప్పింది. అప్పటినుంచి వంటపని అయ్యాక అత్తాకోడళ్లిద్దరూ నులక మంచం మీద ఎదురెదురుగా కూర్చుని ఒకే దుప్పటి కప్పుకునేవారు. లోపల ఉక్క, చీకటి, జోగమ్మ నోటి చుట్ట వాసన. ఉన్న వెలుగల్లా ఫోను తెరదే. అన్నేళ్లలో వాళ్లు అంత దగ్గరగా ఎన్నడూ కూర్చోలేదు.

మొదటి రోజు తెర మీద చెట్టు బొమ్మ వచ్చింది. ఈశ్వరి ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంది. జోగమ్మ చెట్టుకు కోయ మాట చెప్పింది. ఇక వాక్యం చెప్పాలి. ఆమె కోడలి ముఖంలోకి చూస్తూ, తీరిగ్గా, కోయలో అంది.

"కాయని చెట్టును నరికి పొయ్యిల పెట్టాలె."

"తెలుగుల చెప్పత్తా" అంది ఈశ్వరి.

"చెట్టు నీడ చల్లగుంటది" అంది జోగమ్మ తెలుగులో.

ఈశ్వరి 'చెట్టు నీడ చల్లగా ఉంటుంది' అని టైపు చేసింది. ముఖంలో ఏమీ కనబడనీయలేదు.

తర్వాత కుక్క బొమ్మ. "కుక్క సుత ఈనుతది. నా ఇంట్ల తిని కూసున్నదానికి అది సుత చాతనైతలేదు." దీనికి జోగమ్మ చెప్పిన తెలుగు, కుక్క ఇల్లు కాస్తుందని. కుండ బొమ్మ వచ్చింది. "పగిలిన కుండను పసుపు రాసి నాకిచ్చిండు నా తమ్ముడు." దానికి తెలుగు, కుండలో నీళ్లు చల్లగా ఉంటాయని. ప్రతి బొమ్మకూ ఆమె దగ్గర ఒక వాక్యం సిద్ధంగా ఉండేది. చెప్పాక కోడలిని కాసేపు చూసేది. ఈశ్వరి తెర వైపే చూసేది.

చెరిపేసే బటన్ వేలి కిందే ఉంది. చెరిపితే ఎందుకు చెరిపావని అడుగుతారు, అర్థమైందని ఒప్పుకోవాలి. ఆమె ఒక్కటీ చెరపలేదు. పొద్దు వాలేటప్పుడు గుట్ట ఎక్కి, సిగ్నల్ దొరికేచోట నిలబడి, అన్నీ ఖమ్మానికి పంపేది. అక్కడ కోయ వచ్చినవాళ్లు లేరు, బయటి చప్పుడు పడిందా లేదా అన్నదే చూసేవారు.

ఎండాకాలానికి ఆ మాటలు పిల్లల చేతుల్లోకి వచ్చాయి. అందరికన్నా ముందు మద్దిగుంపు పిల్లలే చూడాలని మనోజ్ఞ అంగన్‌వాడీకి ఒక ట్యాబ్ ఇచ్చింది. పిల్లలు చెట్టు మీద వేలు పెట్టేవారు, జోగమ్మ గొంతు పలికేది, వాళ్లు ఆ విరుపుతో సహా అప్పజెప్పేవారు. ఈశ్వరి బోరింగు దగ్గర బిందె పెట్టుకుని నిలబడితే అరుగు మీది ముసలమ్మలు పిల్లల్ని దగ్గరకు పిలిచి, "ఏదీ, కుక్కది నొక్కు" అనేవారు. పిల్లలు నొక్కేవారు. ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. పిల్లలకు ఆ నవ్వెందుకో తెలియదు. తమను మెచ్చుకుంటున్నారనుకుని మళ్లీ నొక్కేవారు. మనోజ్ఞ ఒకసారి అది చూసి సంబరపడి వీడియో తీసుకుంది.

"చూడండి ఈశ్వరి గారూ, ముసలివాళ్లు, పిల్లలు ఎట్లా కలిసి నవ్వుకుంటున్నారో. మనం పడ్డ కష్టం దీనికోసమే కదా."

"అవ్ మేడం" అని ఈశ్వరి బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చింది.

ఆ వానాకాలంలోనే జోగమ్మ పడిపోయింది. కొట్టంలో పేడ ఎత్తుతూ ఒక పక్కకు ఒరిగి మళ్లీ లేవలేదు. కొత్తగూడెం దవాఖానాలో పక్షవాతమన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. కొన్నాళ్లకు నోట మాట తిరిగి వచ్చింది గాని, వచ్చింది ఒక్క కోయే. తెలుగు తుడిచిపెట్టుకుపోయింది. అప్పుడప్పుడు ఇట్లా జరుగుతుందని, చిన్నప్పుడు నేర్చిన భాష మిగిలి తర్వాతది పోతుందని డాక్టరు కన్నారావుకు చెప్పాడు.

"ఇంట్లో ఆ భాష వచ్చినవాళ్లు ఉన్నారా?"

"నాకొస్తది సార్."

"నువ్వు ఇంట్లోనే ఉంటావా?"

కన్నారావు దవాఖానా కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గెలల సీజను నడుస్తోంది.

తల్లిని ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టి, రెండు రోజులుండి అతను ట్రాక్టరెక్కాడు. ఎక్కేముందు, "అమ్మకేం కావాల్నో నీకెట్ల తెలుస్తది?" అని పెళ్లాన్ని అడిగాడు. అడుగుతూ ఆమె ముఖంలోకి చూడలేదు.

"యాప్ ఉన్నది గద. సూసుకుంట" అంది ఈశ్వరి.

ఆమె అత్తకు పని చేయకపోలేదు. ఎత్తి కూర్చోబెట్టేది, పక్క బట్టలు వాగులో ఉతికేది, జావ కాచి పోసేది. గూడెం ఆడవాళ్లు వచ్చి చూసి, కడుపున పుట్టిన బిడ్డ కూడా ఇంత చేయదన్నారు. వాళ్లు వెళ్లిపోయాక ఇద్దరే మిగిలేవారు. జోగమ్మ కోయలో నడుము నొప్పనేది, ఈగలు ముసురుతున్నాయి తోలమనేది, పక్క తడిసిందనేది. ఈశ్వరి అంతా విని, "నీ భాష నాకు రాదు గదత్తా" అని తెలుగులో చెప్పి బయటికి వెళ్లేది. తనకు తోచినప్పుడు వచ్చి పక్క మార్చేది.

ఆ రోజుల్లోనే మనోజ్ఞ ఫోను చేసింది.

"ఒక చిన్న ఇబ్బందండీ. 'నీళ్లు' రికార్డులో కోడి కూత పడింది. అది మన మొదటి పాఠం. అమ్మగారు కాస్త కోలుకున్నాక ఆ ఒక్కటీ మళ్లీ చెప్పిస్తారా?"

"చెప్పిస్త మేడం."

తెలుగులో ఏరంటే పారే వాగు. కోయలో ఏర్ అంటే నీళ్లు. ఆ రోజు పొద్దుటినుంచి ఈశ్వరి అత్తకు నీళ్లు పోయలేదు. ఎండ నెత్తిమీదికి వచ్చాక చెంబు నిండా నీళ్లు తెచ్చి, జోగమ్మకు చూపించి, చెయ్యి అందని గూట్లో పెట్టింది. మంచం పట్టె మీద కూర్చుని ఇద్దరి మీదా దుప్పటి కప్పి బటన్ నొక్కింది.

"ఏర్" అంది జోగమ్మ. వంకరపోయిన మూతిలోంచి మాట ముద్దగా వచ్చింది.

ఈశ్వరి రికార్డు విని చూసింది. "తేటగ లేదత్తా. మల్ల చెప్పు."

"ఏర్."

"ఊపిరి సప్పుడు పడ్డది. మల్ల."

ముసలామె ఆగింది. ఫోను వెలుగులో ఆమె పెదాలు ఎండి పొరలు లేచి ఉన్నాయి. కళ్లు కోడలి ముఖం మీద నిలిచాయి. ఆ కళ్లలో బతిమాలటం ఉంది. ఇంకేదో కూడా ఉంది. అదేమిటో ఈశ్వరికి అందలేదు. జోగమ్మ ఉన్న బలమంతా కూడదీసుకుని, బాగున్న పక్కతో మూతిని సరిచేసుకుని, మొదలూ చివరా తెగకుండా, కొత్తగా మాట నేర్చే పిల్లకు చెప్పినట్టు పలికింది.

"ఏర్."

ఈశ్వరి విని తల ఊపింది. దుప్పటి తీసి, అత్త తల ఎత్తి చెంబు నోటికి పెట్టింది. సగం నీళ్లు మెడ మీదుగా కారిపోయాయి. ఆమె కొంగుతో తుడిచింది.

దానితో పని అయిపోయింది. గుట్టెక్కి రికార్డు పంపేసింది. మర్నాడు చెంబు మళ్లీ గూట్లోనే పెట్టింది. ఆ తర్వాత కూడా అంతే. రికార్డు అక్కర్లేదని తెలిసీ ఫోను చేతిలో పట్టుకునేది. తేటగా పలికిందాకా నీళ్లు లేవు. చూడవచ్చిన ఆడవాళ్లకు గాని, వారానికొకసారి వచ్చే కొడుకుకు గాని జోగమ్మ ఈ సంగతి చెప్పలేదు. కొన్నాళ్లకు అది పొయ్యి వెలిగించటం, గిన్నెలు తోమటంలాంటి పనైపోయింది.

దసరా ముందర ఒక పొద్దున జావ పట్టడానికి వెళితే జోగమ్మ ఒళ్లు చల్లగా ఉంది. కన్నారావు వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చుని పెద్దగా ఏడ్చాడు. ఈశ్వరికి ఏడుపు రాలేదు. చేసీ చేసీ అలసిపోయిన మనిషి, ఇంకేం ఏడుస్తుందని ఆడవాళ్లు ఆమెకు చాయ్ కాచి ఇచ్చారు.

చలికాలంలో ఖమ్మంలో సంస్థవాళ్లు సభ పెట్టి యాప్‌ను అందరి కోసం విడుదల చేశారు. వేదిక మీద జోగమ్మ ఫొటోకు దండ వేశారు. ఈశ్వరికి శాలువా కప్పారు. కన్నారావు కొత్త చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు.

"ఇప్పుడు మొదటి పాఠం విందాం" అంది మనోజ్ఞ మైకులో. "జోగమ్మగారు మంచం మీద ఉండి కూడా మన కోసం పలికిన మాట ఇది."

తెర మీద నీటిచుక్క బొమ్మ వచ్చింది. హాలు నాలుగు మూలల్లోంచి ఆ గొంతు పలికింది. చప్పట్లు మోగాయి. ఒక బడి నుంచి వచ్చిన పిల్లలంతా లేచి నిలబడి ఏర్, ఏర్ అని వల్లించారు. కన్నారావు చప్పట్లు కొట్టలేదు. తనను అన్నానికి పిలిచిన ఆ గొంతు అతనికి తెలుసు, తిట్టిన గొంతు తెలుసు. ఇలా అడుక్కునే గొంతు ఎప్పుడూ వినలేదు. తిరుగు బస్సులో ఫోన్లో యాప్ దింపుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కొత్తగూడెం దాకా తల్లి మాటలన్నీ ఒక్కొక్కటిగా విన్నాడు. ఈశ్వరి పక్క సీట్లో శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇల్లు చేరాక అతను గుమ్మంలోనే నిలబడి అడిగాడు. కోయలో అడిగాడు.

"నీళ్లడిగితే మా అమ్మకు నీళ్లిచ్చినవా?"

"ఏమంటున్నవో నాకు" అని తెలుగులో మొదలుపెట్టి ఈశ్వరి ఆగిపోయింది. అతని ముఖం చూశాక ఆ అబద్ధం ముందుకు సాగలేదు.

"ఇచ్చిన" అంది కోయలో. "చెప్పించుకుని ఇచ్చిన."

ఆమె నోట కోయ రావటం అదే మొదలు. తన గొంతు విని తనే ఉలిక్కిపడింది. ఆ విరుపు, ఆ సాగతీత అచ్చంగా జోగమ్మవే. కన్నారావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎప్పటి సంది అర్థమైతున్నది నీకు?"

"మీ అమ్మ నన్ను పుచ్చు విత్తనమన్నది చూడు, అంతకు ముందటి సంది. బస్సుల నువ్వు విన్నవు గద. చెట్టుది విన్నవా? కుక్కది విన్నవా?"

"విన్న."

"మరి నన్నేందడుగుతున్నవ్?"

కన్నారావు గడప మీద కూర్చుండిపోయాడు. చెప్పులు విడిచాడు. మళ్లీ తొడుక్కున్నాడు.

"అమ్మకు ఎరికె" అన్నాడు చివరికి.

"ఏం ఎరికె?"

"నీకు మన మాట వస్తదని. నువ్వొచ్చిన రెండో ఏడే నాతోని అన్నది. దీనికంత అర్థమైతున్నదిరా, అయినా నోరు తెరుస్తలేదు, ఏమంటే తెరుస్తదో సూస్త అన్నది. తిట్టనీ, కొట్లాడనీ, మన మాట మాట్లాడితే చాలన్నది. తెరిసేదాక నన్ను చెప్పొద్దన్నది. నేను చెప్పలె."

ఈశ్వరి నిలబడ్డచోటే నిలబడింది. దుప్పటి కింద ఆ కళ్లలో తనకు అందనిదేమిటో ఇప్పుడు అందింది. కోడలికి అర్థమవుతోందని తెలిసే ముసలామె నీళ్లడిగింది. తెలిసే, మూతి సరిచేసుకుని మళ్లీ మళ్లీ పలికింది. బతికినన్నాళ్లూ కోడలి నోరు తెరిపించాలని మాటలతో పొడిచిన మనిషి, ఆఖరి రోజుల్లో ఆ నోరు తెరుచుకోక దాహంతో పడి ఉంది.

"నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే" అంది ఈశ్వరి. అంతకుమించి కోయలో ఎలా అనాలో ఆమెకు తెలియలేదు. తెలుగులో అనబుద్ధి కాలేదు.

కన్నారావు ఆ వారంలోనే బట్టలు సర్దుకుని అశ్వారావుపేటలో గది తీసుకున్నాడు. జరిగింది ఎవరికీ చెప్పలేదు. అందువల్ల గూడెంలో అందరూ ఈశ్వరిని వెనకేసుకొస్తారు. తల్లికి అంత చేసిన పెళ్లాన్ని వదిలేసిన మొగోడని అతన్నే తిడతారు. ఆ మాటలు వినబడినప్పుడు ఈశ్వరి కాదనదు, అవుననదు.

సంస్థ పని ఆమె మానలేదు. కోయ వచ్చునని ఇప్పుడు దాచటం లేదు గనుక, మనోజ్ఞ ఆమెను గోదావరి దాటించి చర్ల వైపు పంపింది. అక్కడి గూడేల్లో ఇంకా ఇళ్లలో కోయే నడుస్తోంది. ఒక ఇంట్లో ముసలి మొగుడూ పెళ్లాలు ఇప్పపువ్వు ఆరబోస్తుంటే ఈశ్వరి వెళ్లి పలకరించింది. కూర్చోవచ్చా అని అడిగింది.

ముసలాయన పకపకా నవ్వాడు. "కూసుంటనంటే కూడ కొట్లాటకొచ్చినట్టున్నదేంది? నీకు మాట ఎవరు నేర్పిన్రు?"

"మా అత్త."

"గట్టి మనిషే అయ్యుంటది."

"అవ్" అంది ఈశ్వరి.

ఇంతలో వాళ్ల మనవరాలు మోకాలు దోక్కుపోయి ఏడుస్తూ వచ్చింది. ముసలామె చేతులు దులుపుకుని పిల్లను ఒళ్లోకి లాక్కుని, తల మీద గడ్డం ఆనించి, ఒక మాట అంది. చిన్న మాట. ఈశ్వరికి అర్థం కాలేదు. అన్నేళ్లుగా ఆ భాష వింటూ బతికిన మనిషి ఆ మాట ఎన్నడూ వినలేదు.

"ఏందది పెద్దమ్మా, ఇప్పుడన్నది?"

"ఏముంటది, పిల్లల్ని దగ్గరికి తీసేటప్పుడు అంటం. మీ ఇంట్ల అనరా?"

"అనలేదు" అంది ఈశ్వరి.

ముసలామె పిల్లను ఊపుతూ ఉంది. ఈశ్వరి ఫోను సంచిలోంచి తీయనే లేదు. కాసేపు కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగి, రోడ్డు మీద ఆటో వస్తే ఎక్కి భద్రాచలం వచ్చేసింది.